పులికాట్ పీతల మనుగడకు ముఖద్వారమే ఆధారం

(ప్రత్యేక వ్యాసం)

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దున బంగాళాఖాతాన్ని ఆనుకొని ఉన్న పులికాట్ సరస్సు పేరు చెప్పగానే శీతకాలంలో వచ్చే ఫ్లెమింగో పక్షులు గుర్తుకు రావడం సహజం. అయితే ఆ నీటి అడుగున జీవించే పీతలు తీర గ్రామాల మత్స్యకార కుటుంబాలకు జీవనాధారం. చిలికా తరువాత దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు అయిన పులికాట్‌లో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నది. ఇక్కడి పీతల సంతతి నిలవాలంటే సరస్సును సముద్రంతో కలిపే ముఖద్వారాలు తెరచి ఉండడం, గుడ్ల పీతలను కాపాడుకోవడం అత్యవసరం. అందుకు కారణం వాటి జీవనక్రమంలోనే ఉన్నది.

ఈదే పీతలు

పులికాట్‌లో ప్రధానంగా లభించే మండ పీత, నీలి పీత రెండూ పోర్ట్యూనిడే కుటుంబానికి చెందినవి. వీటి చివరి జత కాళ్ళు తెడ్ల వలె చదునుగా ఉంటాయి. వాటి సహాయంతోనే ఇవి ఈదగలుగుతాయి. పీతను వెల్లకిల త్రిప్పి చూస్తే ఆడ, మగ తేడా తెలుస్తుంది. మగ పీత పొట్ట మీది మడత సన్నగా త్రికోణాకారంలోను, పెరిగిన ఆడ పీతకు వెడల్పుగా గుండ్రంగాను ఉంటుంది. నీలి పీతలలో మగవి నీలివర్ణంలోను, ఆడవి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగులోను కనిపిస్తాయి.

గుల్ల విడిచినప్పుడే పెరుగుదల

పీత శరీరం గట్టి గుల్లలో బంధింపబడి ఉంటుంది. పాత గుల్లను విడిచి, మెత్తని కొత్త గుల్ల గట్టిపడేలోగా నీటిని పీల్చుకొని ఉబ్బడం ద్వారానే పీత పరిమాణం పెరుగుతుంది. కనుక దాని పెరుగుదల నిరంతరంగా గాక మెట్లు మెట్లుగా సాగుతుంది. పిల్ల పీతలు తరచుగాను, పెద్దవి అరుదుగాను గుల్ల విడుస్తాయి. అప్పుడే గుల్ల విడిచిన పీతలో కండ తక్కువ, నీరు ఎక్కువ కాబట్టి మార్కెట్టులో దానికి ధర పలుకదు. దానిని తిరిగి నీటిలో వదిలితే కొద్ది వారాలలో కండ పట్టి మంచి ధర తెస్తుంది.

చేపల వయస్సును వాటి పొలుసులు, చెవిరాళ్ళ మీది వలయాలను బట్టి అంచనా వేయవచ్చు. గుల్లతోపాటు గట్టి భాగాలను వదులుకొనే పీతలలో అది కష్టసాధ్యం. అందుచేత శాస్త్రజ్ఞులు నెలనెలా వందలాది పీతల డొప్ప వెడల్పును కొలిచి, ఏ పరిమాణం పీతలు ఎన్ని ఉన్నవో చూసి పెరుగుదల వేగాన్ని గణిస్తారు. వెచ్చని ఉష్ణమండల జలాలలో నీలి పీత ఏడాది లోపే సంతానోత్పత్తి దశకు చేరుకొంటుంది.

సరస్సు నుండి సముద్రానికి, మరల సరస్సుకు

ఆడ పీత గుల్ల విడిచి మెత్తగా ఉన్న సమయంలో జతకడుతుంది. ఆ పిమ్మట గుడ్లు పెట్టడానికి ఉప్పదనం ఎక్కువగా ఉండే సముద్రపు నీటికి తరలిపోతుంది. లక్షల సంఖ్యలో ఉండే గుడ్లను పొట్ట మడత కింద మోస్తుంది. తొలుత పసుపు, నారింజ రంగులో ఉన్న గుడ్లు పొదిగే సమయానికి నల్లబడతాయి. వెలువడిన జోయియా డింభకాలు నీటిలో తేలియాడుతూ పలు దశలు దాటి మెగలోపాలుగా, ఆపై పిల్ల పీతలుగా మారుతాయి. వీటిలో అత్యధికం ఇతర జీవులకు ఆహారమైపోగా, మిగిలిన కొద్దిపాటివి తీర జలాలకు, సరస్సులకు చేరి పెరుగుతాయి.

అనగా పులికాట్ పీతల సంతతి సాగడానికి తల్లి వెళ్ళే దారి, పిల్ల వచ్చే దారి రెండూ ముఖద్వారమే. అది ఇసుకతో పూడిపోతే వేసవిలో సరస్సు ఎండి నీటి ఉప్పదనం మితిమీరడమే గాక, కొత్త తరం రాక కూడా ఆగిపోతుంది. ఇందుకు చిలికా అనుభవం నిదర్శనం. అక్కడ 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరచిన తరువాత చేపలు, రొయ్యలతోపాటు పీతల దిగుబడి కూడా పెరిగింది.

మత్స్యకారుల చేతిలోని రక్షణ

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేట నిషేధం అమలవుతున్నది. ఇది సముద్రంలోని వేటకు సంబంధించినది. సరస్సులో నాటుపడవలపై సాగే పీతల వేటకు మత్స్యకారుల స్వీయ నియంత్రణే ముఖ్య రక్షణ. గుడ్ల పీతలను, పిల్ల పీతలను, మెత్తని పీతలను ప్రాణంతో వదలివేయడం, చిన్న కన్నుల వలలను మానుకోవడం ఇందులో ప్రధానమైనవి. వేటస్థలాలను వంతులవారీగా పంచుకొనే 'పాడు' సంప్రదాయం పులికాట్ ప్రాంతానికి కొత్త కాదు. అటువంటి గ్రామ కట్టుబాట్లలో ఈ నియమాలనూ చేర్చుకొంటే అమలు సులభమవుతుంది.

వలలో పడిన గుడ్ల పీతను వదలివేస్తే ఆనాటి సంపాదనలో కొంత తగ్గేమాట వాస్తవం. కాని దానితోపాటు లక్షల గుడ్లు కూడా సముద్రానికి చేరతాయి. ఈ విషయాన్ని తీర గ్రామాలకు చేరవేయడంలో పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారులు ముఖ్య పాత్ర వహించగలరు.