సంత్రాగాఛి కంద: దురద తగ్గిన దుంప

హావ్‌డా నుంచి దక్షిణాదికి వచ్చే రైలు మార్గంలో మొదట్లోనే తగిలే స్టేషన్ సంత్రాగాఛి. తెలుగు ప్రయాణికులకు ఆ పేరు రైలు టికెట్టు మీద పరిచయం. బెంగాలీ వంటింట్లో మాత్రం సంత్రాగాఛి అనగానే గుర్తొచ్చేది 'ఓల్', అంటే కంద. గొంతు పట్టని కంద కావాలంటే అక్కడిదే తినాలని పేరు. ఆ ఊరి పేరే ఒక రకానికి స్థిరపడి వ్యవసాయ పరిశోధన పత్రాల్లోకి కూడా ఎక్కింది.

కంద శాస్త్రీయ నామం అమార్ఫోఫాలస్ పియోనిఫోలియస్. చేమ, చామంతి కాదు, కూర చేమ కూడా ఈ కుటుంబానిదే. కందకు ప్రపంచ ప్రసిద్ధి చెందిన చుట్టం ఒకటుంది. 1878లో బెక్కారి అనే ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు సుమత్రా అడవుల్లో గుర్తించిన టైటాన్ ఆరమ్. లండన్ క్యూ ఉద్యానంలో అది 1889లో పూసింది. ఇప్పుడది అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్క. దాన్ని చూడటానికి జనం బారులు తీరతారు. అదే ప్రజాతికి చెందిన కంద మాత్రం సంతలో తూకానికి అమ్ముడవుతుంది.

'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అంటారు. ఆ దురద కంద ఆయుధం. దుంప కణాల్లో కాల్షియం ఆక్సలేట్ సన్నని సూదులుగా కట్టలు కట్టి ఉంటుంది. కోసినా, నమిలినా అవి చర్మంలో, నాలుకలో గుచ్చుకుంటాయి. అందుకే తరిగేవాళ్లు చేతికి నూనె రాసుకుంటారు, ముక్కల్ని చింతపండు పులుసులో బాగా ఉడికిస్తారు.

తరతరాలుగా రైతులు దురద తక్కువున్న దుంపల్నే విత్తనానికి ఏరుకుంటూ వచ్చారు. సంత్రాగాఛి రకంలో దురద స్వల్పమే. కాకపోతే దీనికి పక్కల పిల్లదుంపలు పుడతాయి. ఈ విషయంలో గోదావరి ఒడ్డున కొవ్వూరులో స్థానిక దుంపల నుంచి ఎంపిక చేసిన 'గజేంద్ర' మరో అడుగు ముందుకేసింది. దానికి దురద దాదాపు లేదు, పిల్లదుంపలూ పెద్దగా రావు, లోపలి గుజ్జు లేత నారింజ రంగు. హెక్టారుకు 40 నుంచి 50 టన్నుల దిగుబడినిస్తుంది. అందుకే బెంగాల్ పొలాల్లోకి కూడా చేరింది.

సాగులో అసలు భారం విత్తనమే. మూడడుగుల ఎడంతో అరకిలో ముక్కలు నాటితే ఎకరాకు దాదాపు 5,000 ముక్కలు, అంటే రెండున్నర టన్నుల దుంప మట్టిలో పెట్టాలి. తినగలిగే, అమ్ముకోగలిగే సరుకది. పెద్ద దుంపను కోసేటప్పుడు ప్రతి ముక్కకూ నడిమి మొగ్గ భాగం కొంత అంటి ఉండాలి. లేకపోతే మొలక ఆలస్యమవుతుంది. ముక్కల్ని పేడనీళ్లలో ట్రైకోడెర్మా కలిపి ముంచి, నీడన ఆరబెట్టి నాటుతారు. పైన వరిగడ్డో ఎండుటాకులో కప్పితే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. విత్తనం ఖర్చు తగ్గించుకోవడానికి 100 గ్రాముల ముక్కల్ని దగ్గర దగ్గరగా నాటి ముందు విత్తనపు దుంపల్నే పెంచుకునే పద్ధతి తిరువనంతపురంలోని కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ రూపొందించింది.

చెట్టు మానులా కనిపించేది నిజానికి మాను కాదు, ఒకే ఒక్క ఆకు కాడ. గొడుగులా విచ్చుకున్నదంతా ఆ ఒక్క ఆకే. అది తయారుచేసిన ఆహారంతో పాత ముక్క మీద కొత్త దుంప కడుతుంది, పాతది కృశించిపోతుంది. కనుక కాడ మొదలు దెబ్బతింటే పంట అక్కడితో ఆగినట్టే. నీళ్లు నిలిచినా, పార తగిలి గాయమైనా స్క్లెరోషియం శిలీంధ్రం చేరి మొదలు కుళ్లుతుంది. నెలల తరబడి పెంచిన మొక్క కొద్ది రోజుల్లో ఒరిగిపోతుంది. మురుగుకాలువ తీయడం ఎరువు వేయడం కన్నా ముందు పని.

ఎనిమిది తొమ్మిది నెలలకు ఆకు పండి వాలిపోతుంది. అప్పుడు తవ్వుతారు. తవ్విన దుంప నెలన్నర, రెండు నెలలు నిద్రావస్థలో ఉంటుంది, ఎంత తడిపినా మొలకెత్తదు.

తవ్వకుండా పెరట్లో మరిచిపోయిన దుంప కొన్నేళ్లకు, ఆకు రాకముందే, ఊదారంగు పువ్వుతో నేల చీల్చుకుని లేస్తుంది. కుళ్లిన మాంసం వాసన కొడుతుంది. పరాగ సంపర్కానికి పేడపురుగుల్లాంటి కీటకాల్ని పిలిచే పిలుపు అది. ఇంట్లోవాళ్లు మాత్రం ఎలుక ఎక్కడ చచ్చిందా అని వెతుక్కుంటారు.