తరగతిగదికి తీసికొనిపోదగిన కొలంబియా

మా మనుమరాలు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున అయిదవ తరగతి చదువుచున్నది. అక్కడి బడులలో పిల్లలకు తలకొక దేశమును పంచి, దానినిగూర్చి తరగతి యెదుట నిలిచి నాలుగు మాటలు చెప్పుమనియు, వీలైనచో ఆ దేశపు తినుబండారమొకటి తెచ్చి తోటివారికి పెట్టుమనియు ఉపాధ్యాయులు కోరుట కద్దు. ఈ యేడు మా పిల్ల వంతునకు దక్షిణామెరికాలోని కొలంబియా వచ్చినది. పటము గీచి, జెండాకు పసుపు, నీలము, ఎఱుపు రంగులు దిద్ది, తిండిమాట వచ్చుసరికి మాత్రము చిక్కుపడి నాకు ఫోను చేసినది. "తాతయ్యా, వాళ్ళ వంటల్లో అన్నిటికన్నా పేరున్నది ఏదో చెప్పు, అమ్మచేత అదే చేయించుకుపోతా" అన్నది. పేరున్న వంటకము వేఱు, 24 మంది పిల్లల చేతులలో పెట్టదగిన వంటకము వేఱు అని ఫోనులో చెప్పుటకంటె కాగితముమీద వ్రాయుటే నాకు సులువుగా తోచినది.

పేరు విషయమున తగవు లేదు. మెదెయీన్ నగరము రాజధానిగా గల ఆంతియోకియా ప్రాంతమువారి "బందేహా పాయిసా" ఆ దేశపు హోటళ్ళన్నింటను కనబడును. రాజ్మాగింజల కూర, తెల్లన్నము, కైమా, కరకరలాడ వేచిన పందిమాంసపు తునుక, సాసేజి, పెనముమీద వేచిన గ్రుడ్డు, పండిన అరటిపండు వేపుడు, అవకాడో ముక్క, మొక్కజొన్నరొట్టె, ఇన్నియు ఒక్క పళ్ళెమున గుట్టగా పోసి పెట్టుదురు. అది తినిన పెద్దవానికే మఱి లేచి పని చేయ బుద్ధి పుట్టదు, ఇక పిల్లలమాట చెప్పనేల! పైగా మాంసము ముట్టని పిల్లలు తరగతికి నలుగురైన నుందురు.

దానికి తరువాతిది, నా మనస్సునకు మిక్కిలి నచ్చినది, రాజధానియగు బొగొతావారి "అహియాకో". సముద్రమట్టమునకు సుమారు 2,600 మీటర్ల యెత్తున, ఆండీసు పర్వతశ్రేణి మధ్య, ఏడాది పొడుగునను చలి విడువని ఆ నగరమునకు తగిన వేడివేడి కోడిపులుసు అది. అందులో మూడు జాతుల బంగాళాదుంపలు వేయుదురు. వానిలో "క్రియోయా" అను చిన్న పసుపుపచ్చ దుంప ఉడికి ఉడికి రూపుమాసి పులుసంతటికిని తన రంగును చిక్కదనమును ఇచ్చును. "సబనేరా" అనునది ముక్క చెదరక పంటికి తగులును. "పస్తూసా" ఆ రెండింటికి నడుమ, సగము కరిగి సగము నిలుచును. పైన "గువాస్కాస్" అను ఆకు చల్లనిదే అది అహియాకో కాదందురు. ఇంత చెప్పి, ఇది బడికి పనికిరాదనుటకు నాకే కష్టముగా నున్నది. కాని 24 గిన్నెలు, 24 గరిటెలు, ఒలికిన పులుసు తుడుచుటకొక మనిషి కావలెను.

ఒక్క దేశమునకు ఒక్క వంటకమనుట కొలంబియా విషయమున అసలే పొసగదు. ఆండీసు శ్రేణి అక్కడ మూడు పాయలుగా చీలును. ఇటు పసిఫిక్కు, అటు కరీబియను, తూర్పున పచ్చికమైదానములు, దక్షిణమున అమెజాను అడవి. కొండ దిగి లోయలో అడుగుపెట్టినంతనే పంట మాఱును, పంటతో వంట మాఱును. అందఱికిని ఉమ్మడియైనది ఏదేని యున్నచో అది "అరేపా" అను మొక్కజొన్నరొట్టె. పూర్వము ఎండిన గింజలను కొయ్యరోట దంచి, పొట్టు తీసి, ఉడికించి, రుబ్బి తట్టెడివారు. ఇప్పుడు ముందే ఉడికించి ఆరబెట్టిన పిండి పొట్లములలో దొరకును గనుక, మన తెలంగాణపు జొన్నరొట్టెకువలె వేన్నీళ్ళు పోసి కలుపు నేర్పు అక్కఱలేదు. గోరువెచ్చని నీరు, చిటికెడు ఉప్పు చాలును. అయితే జొన్నరొట్టెకు లేని లోపము దీనికొకటి గలదు: పెనముమీదినుండి దిగిన అరగంటకే అట్టముక్కవలె బిరుసెక్కును.

కాలి నగరపు "పాందెబోనో"కును ఇదే శాపము. కఱ్ఱపెండలపు పిండి, కొంత మొక్కజొన్నపిండి, తెల్ల జున్ను, గ్రుడ్డు కలిపి కాల్చిన చిన్న రొట్టె అది. గోధుమ తగిలినదే లేదు గనుక గోధుమ పడని పిల్లలును తినవచ్చును. దినములతరబడి నీట పులియబెట్టి ఎండబెట్టిన పిండి వాడుటవలన పొయ్యిలో బూరెవలె పొంగును. సామర్లకోట, పెద్దాపురము మిల్లులలో సగ్గుబియ్యమగు దుంప ఇదియేయనియు, అది దక్షిణామెరికానుండియే మనకు వచ్చినదనియు మా పిల్ల తరగతిలో చెప్పదలచినచో చెప్పవచ్చును. కాని పాందెబోనోను వేడిగానే తినవలెను. తరగతిగదిలో పొయ్యి యెక్కడిది?

తీపిలోనికి వచ్చితిమేని దారి సుగమమగును. బెల్లపు ఉత్పత్తిలో ప్రపంచమున మొదటిది మన దేశము, రెండవది కొలంబియా. వారు దానిని "పనేలా" యందురు. నీటిలో కరగించి నిమ్మ పిండి త్రాగిన అది మన శ్రీరామనవమి పానకమే, మిరియములును ఏలకులును తక్కువ. రెండు పలుచని అప్పడములవంటి బిళ్ళల నడుమ పాలకోవకు దగ్గఱి చుట్టమగు "అరెకీపే"ను పూసి యిచ్చు "ఒబ్లెయా"ను చూచినచో ఆత్రేయపురమువారు పూతరేకులను తలచుకొనక మానరు. కార్తహేనా వీధులలో పాలేంకే గ్రామపు స్త్రీలు తలమీద పళ్ళెములతో తిరిగి అమ్ము కొబ్బరిలౌజు "కొకాదా" వెనుక పెద్ద చరిత్రయే యున్నది: బానిసత్వమునుండి పాఱిపోయిన ఆఫ్రికనులు కట్టుకొనిన ఊరు అది, దాని సంస్కృతిని 2005లో యునెస్కో మానవజాతి వారసత్వముగా ప్రకటించినది. చిక్కేమన, కొన్ని బడులు కొబ్బరినిగూడ జీడిపప్పు బాదముపప్పుల జాబితాలో చేర్చి నిషేధించును.

కనుక నా తీర్పు "బొకాదియో"కు. సంతందేర్ ప్రాంతమున వేలెస్ అను ఊరు దీనికి పుట్టినిల్లు. జామపండ్ల గుజ్జును చక్కెరతో పెద్ద బాణలిలో కలియబెట్టుచు దగ్గఱపడువఱకు వండి, పోతపోసి, ఆరిన పిమ్మట ఇటుకలవలె కోయుదురు. ఎఱ్ఱజామ గుజ్జు నడుమను, తెల్లజామ గుజ్జు అంచులను ఉండుటవలన కోసిన ముక్కకు చీరెకువలె అంచు కనబడును. దానిని అరటియాకునకు చుట్టమువంటి "బిహావ్" అను ఆకు ఎండబెట్టి అందులో చుట్టుదురు; ఆకు వాసన కొంత తీపికి పట్టును. మామిడితాండ్ర ఎఱిగినవారికి ఇది క్రొత్త గాదు. అది యెండలో పొరపొరగా ఎండునది, ఇది నిప్పుమీద ఉడికి గట్టిపడునది, అంతియే భేదము. చల్లారిన పాడుకాదు, ఒలకదు, పెట్టెమీద ఏమేమి కలిసినదో అచ్చువేసి యుండును, టెక్సాసులోని దక్షిణామెరికా దుకాణములలో దొరకును. కొలంబియావారు దీనిని ఉప్పటి తెల్ల జున్నుముక్కతో జతచేసి తిందురు. ఆ ఉప్పు లేనిచో తీపి మొగము మొత్తును గనుక జున్ను మఱవవలదని మఱీమఱీ చెప్పితిని.

ఆదివారమునాడు మరల ఫోను వచ్చినది. తల్లి జున్నును, పిల్ల బొకాదియోను పాచికలంతేసి ముక్కలు కోసి పంటిపుల్లలకు గ్రుచ్చిరట. ఆకులను పాఱవేయక చూపుటకని మడిచి దాచినదట. "24 సరిపోవు తాతయ్యా," అన్నది, "టీచరుకి కూడా ఒకటి పెట్టాలిగా."