పరుగు వాచీ కొనే ముందు

"సార్, ఫీజులు, పుస్తకాలు సరే, పిల్లలకు ఇంకేమైనా ఇవ్వమంటారా?" అని దాతలు ప్రతి సంవత్సరం మమ్మల్ని అడుగుతుంటారు. గత ఏడాది ఒక దాత మంచి మనసుతో, రావల్కోల్‌లో పోలీసు ఉద్యోగానికి సాధన చేస్తున్న యువకుల కోసం పేరున్న కంపెనీ గుర్తు గల జీపీఎస్ వాచీ ఒకటి కొనిచ్చారు. నగరంలోని ఒక దుకాణంలో సగం కంటే తక్కువ ధరకు దొరికిందని సంతోషపడ్డారు. మేమూ సంతోషపడ్డాం.

తెలంగాణ పోలీసు నియామక మండలి 2022 నియామకాల్లో పురుషులకు 1600 మీటర్ల పరుగు పెట్టింది. దానికి గడువు 7 నిమిషాల 15 సెకన్లు. మహిళలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. మా అబ్బాయి ఒకరికి ఆ వాచీలో 1600 మీటర్లు 7 నిమిషాలకే పూర్తవుతున్నాయి. ఇక గట్టెక్కినట్టే అనుకున్నాడు. ఒకరోజు బడి మైదానంలో టేపుతో కొలిచి, 200 మీటర్ల చుట్టు వచ్చేలా సున్నం గీత గీశాం. 1600 మీటర్లంటే ఎనిమిది చుట్లు. ఏడు చుట్లు పూర్తికాగానే వాచీ 1600 చూపించింది!

లెక్క చూడండి. 7 నిమిషాల్లో అతను పరుగెత్తింది 1400 మీటర్లే. అదే వేగంతో 1600 మీటర్లకు 8 నిమిషాలు పడుతుంది. అంటే 45 సెకన్లు ఆలస్యం. ఆ వాచీని నమ్ముకుని వెళ్తే పరీక్షలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేవాడు.

తేడా ఎక్కడ వచ్చింది?

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అసలు వాచీ కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, అవి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి తానున్న చోటును లెక్కిస్తుంది. ఆ చోటు మారే కొద్దీ దూరం కూడుతుంది. డూప్లికేట్ వాచీల్లో చాలావాటికి ఈ ఏర్పాటే ఉండదు. చేయి ఊగడాన్ని అడుగుగా లెక్కపెట్టి, అడుగుకు ఇంత దూరమని హెచ్చవేస్తాయి. అడుగు పొట్టిదైనా పొడుగుదైనా వాటికి ఒకటే.

ఇంకో రకం కూడా ఉంది. వాచీలో జీపీఎస్ ఉండదు, జేబులోని ఫోన్ జీపీఎస్‌ను వాడుకుంటుంది. ఇది మోసం కాదు, కానీ ఫోన్ లేకుండా పరుగెత్తేవారికి పనికిరాదు. అందుకే "జీపీఎస్ ఉందా?" అని కాక, "వాచీలోనే ఉందా?" అని అడగాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

ధర: కంపెనీ సొంత వెబ్‌సైటులో ధర చూసుకుని వెళ్లండి. పండుగ తగ్గింపు ఉండవచ్చు. కానీ ముప్పై వేల వాచీ మూడు వేలకు రాదు. "ఫస్ట్ కాపీ" అంటే నకిలీకి పెట్టిన ముద్దుపేరు, అంతే.

డబ్బా: విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయవలసిన ఫోన్ నంబరు డబ్బా మీద ముద్రించి ఉండాలి. కంపెనీ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అనుమానించండి.

బీఐఎస్ నంబరు: మన దేశంలో అమ్మే స్మార్ట్ వాచీలకు భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. 'ఆర్'తో మొదలయ్యే ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు వివరాలు వస్తాయి. డబ్బా మీది పేరుతో సరిపోల్చండి. అయితే నకిలీవాళ్లు అసలు నంబరునే అచ్చువేయవచ్చు. కాబట్టి ఇక్కడితో ఆగవద్దు.

యాప్: ఇది గట్టి పరీక్ష. గార్మిన్ వాచీ అయితే గార్మిన్ కనెక్ట్ యాప్‌తో జతకావాలి. డబ్బాలోని చీటీ మీది కోడ్‌ను స్కాన్ చేసి, ఎన్నడూ వినని యాప్ వేసుకోమంటే అక్కడే తిరిగి ఇచ్చేయండి. డబ్బా మీది సీరియల్ నంబరు, వాచీ సెట్టింగులలో కనిపించే నంబరు ఒకటే కావాలి.

బండి పరీక్ష: దుకాణదారు ఒప్పుకుంటే అప్పుడే, లేదంటే తిరిగి ఇచ్చే గడువులోపు చేయండి. ఫోన్‌లో బ్లూటూత్ ఆపేయండి. ఆరుబయట నిలబడి, వాచీకి సంకేతం అందేదాకా ఆగండి. పరుగు మోడ్ పెట్టి, బండి వెనుక కూర్చుని, చేయి కదపకుండా ఒక కిలోమీటరు వెళ్లండి. అసలు వాచీ దాదాపు కిలోమీటరు చూపిస్తుంది. అడుగులు లెక్కించేది ఇంచుమించు కదలదు. మేము దాత ఇచ్చిన వాచీతో ఇలాగే వెళ్లి చూశాం. అది సున్నా దగ్గరే కూర్చుంది.

బిల్లు తప్పక తీసుకోండి. అందులో మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించండి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తప్పుడు ట్రేడ్‌మార్క్‌తో సరుకు అమ్మడం 1999 నాటి చట్టం ప్రకారం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు.

దాతలకు మా విన్నపం ఒక్కటే. మీరిచ్చే ప్రతి రూపాయి మా దగ్గర అమానత్. వాచీ ఇవ్వదలచుకుంటే పరీక్షించి ఇవ్వండి. అంత ఖర్చు వద్దనుకుంటే ఒక పొడవాటి కొలత టేపు, ఒక స్టాప్‌వాచీ, ఒక సున్నం బస్తా ఇవ్వండి. మా అబ్బాయి ఇప్పుడు వాటితోనే సాధన చేస్తున్నాడు. ఎనిమిదో చుట్టు దాకా.