సింహళము - ఇరువురు పెద్దల నడుమ

పెద్దరాజ్యముల నడుమ నలిగిపోవుటయే చిన్నరాజ్యములకు విధి యని తలంచువారు సింహళమువంక చూడవలెను. 2017లో ఆ దేశము హంబన్‌తోట రేవును 99 ఏండ్లకు చీనా సంస్థకు కౌలుకిచ్చి సుమారు 112 కోట్ల డాలర్లు పొందెను. ఆ రేవు నిర్మాణమునకై చీనాయొద్ద తెచ్చిన ఋణము మాత్రము రద్దు కాలేదు. వచ్చిన సొమ్ము విదేశమారక నిధికే చేరెను. 2022 ఏప్రిలులో సింహళము విదేశఋణముల చెల్లింపును నిలిపివేసెను. ఆ యేట భారతదేశము సుమారు 400 కోట్ల డాలర్ల సాయ మొసంగెను. అయినను ఆ ఆగస్టులోనే, మన యభ్యంతరము లుండగనే, చీనా నౌక ‘యువాన్ వాంగ్ 5’ హంబన్‌తోటలో లంగరు దించుటకు సింహళ మనుమతించెను.

దీనిని కృతఘ్నత యని కొందఱాక్షేపించిరి. మేమట్లు తలంపము. ఇరువురు ఋణదాతలలో నొకరిని పూర్తిగా విడనాడుట చిన్నరాజ్యమునకు క్షేమము గాదు. 2024 జనవరి మొదలు ఏడాదిపాటు విదేశీ పరిశోధననౌకల రాకను నిలుపుటయు నీ రాజనీతిలోని భాగమే.

1987లో ఒడంబడికపై సింహళమునకు వెడలిన మన సైన్యము 1990లో మరలివచ్చిన వృత్తాంతము మఱవరాదు. నాడు ఆయుధములు సాధింపలేని విశ్వాసమును, ఆపత్కాలమున పంపిన ఇంధనము, మందులు కొంతవఱకు సాధించినవి. ఆ సాయమునకు ప్రతిఫలముగా విధేయతను కోరినచో ఆ విశ్వాసమును నశించును. పొరుగువారి స్వాతంత్ర్యమును మన్నించుటయే మన తీరమునకు దృఢమైన రక్షయని మేము నమ్ముచున్నాము.