బండి ప్రక్కకు లాగుట

మంచి వైద్యుడు రోగిని చూచిన వెంటనే మందు వ్రాసి యీయడు. బాధ యెప్పుడు మొదలైనది, దానికి ముందేమి జరిగినది అని యడిగి, నాడి చూచి, పిమ్మట రోగమును నిర్ణయించును. యంత్రముల విషయమునను ఇదియే మార్గము.

2015వ సంవత్సరమున మా వీథిలోని యొక యువకుడు దిగులుతో నాయొద్దకు వచ్చెను. నేను ముప్పది యేండ్లు మోటారు సైకిలు పైననే పాఠశాలకు పోయి వచ్చినవాడను. "మాస్టరు గారూ! నా బండి కుడిప్రక్కకు లాగుచున్నది. నిన్న అమ్మను వెనుక కూర్చుండబెట్టుకొని వచ్చుచుండగా, ఎదురుగా వచ్చు లారీ వెంట్రుకవాసిలో తప్పినది. ముందు ఫోర్కు వంగినదని మెకానిక్కు దానిని మార్చినాడు. సగము జీతము పోయినది; జబ్బు మాత్రము పోలేదు" అనెను.

"ఎన్నాళ్ళనుండి నాయనా?" అని యడిగితిని.

"పది దినములనుండి."

"దానికి ముందేమి చేయించితివి?"

అతడు కొంత ఆలోచించి, "వెనుక చక్రమునకు పంక్చరు వేయించితిని. అంతే" అనెను.

ఆ మాటలోనే రోగమూలము దాగియున్నదని నాకు తోచినది. కాని తోచుట వేరు, తెలిసికొనుట వేరు. కావున వరుసగా పరీక్షించితిమి.

మొదట రోడ్డు సంగతి. వాననీరు నిలువకుండుటకై రోడ్లను నడుమ ఎత్తుగను, అంచులకు వాలుగను వేయుదురు. మన దేశమున బండ్లు ఎడమప్రక్కను నడచును గనుక, ఆ వాలున కొంచెము ఎడమకు ఒరుగుట సహజము. ఈ బండి యెత్తువైపునకే లాగుచున్నది. తప్పు రోడ్డుది కాదు. ఒక ప్రక్కనే పాలక్యాను తగిలించినను బండి అటు మొగ్గును. ఇతనికి అట్టి బరువు లేదు.

పిమ్మట టైర్లు. గాలి తగ్గినను, ఒక ప్రక్కనే అరిగినను బండి నడక చెడును. బండి నడువక చల్లగా నున్నపుడు గాలి కొలిచితిమి, సరిగానే యున్నది. బ్రేకు నొక్కినపుడు మాత్రమే లాగునా యని యడుగగా, ఎల్లప్పుడును లాగుననెను. ఆ యనుమానమును తొలగినది. నడిమి స్టాండు వేసి, ముందు చక్రమును నేలనుండి లేపి, హ్యాండిలును ఇరువైపులకు త్రిప్పితిమి. ఎచ్చటనైన పట్టినచో లోని బేరింగులు చెడినవని యర్థము. అది నునుపుగా తిరిగినది. చక్రములను పట్టుకొని ప్రక్కలకు ఊపితిమి, ఊగలేదు.

ఇక మిగిలినది చక్రముల వరుస. రెండు చక్రములును ఒకే గీతపై నడచినపుడే బండి తిన్నగా పోవును. వెనుక ఇరుసు రెండు కొనలయందును గొలుసును బిగించు మరలును, ప్రక్కన గీతలును ఉండును. చూడగా, ఇరుసు ఒకవైపున మూడవ గీతయొద్దను, రెండవవైపున నాలుగవ గీతయొద్దను నిలిచియుండెను! పంక్చరు వేసి చక్రమును తిరిగి బిగించునపుడు జరిగిన పొరపాటిది.

గీతలను మాత్రమే నమ్మరాదని దారముతోను చూచితిమి. వెనుక టైరు చుట్టు దారమును నేలకు జానెడెత్తున త్రిప్పి, టైరు రెండంచులను తాకునట్లుగా కొనలను ముందు చక్రమునకు ఇరువైపులకు బిగువుగా లాగితిమి. ముందు టైరు సన్ననిది గనుక రెండువైపుల సమానమైన సందు ఉండవలెను. అట్లు లేదు. ఇరుసు నట్టును వదులు చేసి, రెండు మరలను సరిచేసి, గొలుసు వదులును చూచి, నట్టును గట్టిగా బిగించితిమి. సందులు సమానమైనవి. ఖర్చు శూన్యము.

బండి తిన్నగా నడచినది. మొదటి దినముననే ఆ రెండు ప్రశ్నలు వేసియున్నచో, ఫోర్కునకు వ్యయమైన ధనము మిగిలియుండెడిది. ఆ తల్లికి లారీ భయమును తప్పియుండెడిది.

బాలలారా! 18 యేండ్లు నిండి, లైసెన్సు పొందిన పిమ్మట మీరును బండి నడపుదురు. బండి లాగుచున్నదో లేదో చూచుటకు రోడ్డుమీద చేతులు రెండును వదలుట ప్రాణాపాయము; ఆ పని యెన్నడును చేయకుడు. బండి క్రిందపడిన పిమ్మట లాగుచున్నచో, ఫోర్కో చట్రమో వంగియుండవచ్చును. అది పనివాడు చూడదగినది. తక్కినవానియందు సులభమైన కారణమును ముందు వెదకుడు. ఒక్కసారి ఒక్కదానినే మార్చి ఫలితము చూడుడు. అన్నిటికంటె ముందు, "ఎప్పటినుండి? దానికి ముందేమి జరిగినది?" అని యడుగుడు.