గలగలలాడు గిటారు, కలవంటి పాట

ఈ సంచికలో ప్రధానోపాధ్యాయుని వ్యాసమనగా మాతృభాష యొక్క ఆవశ్యకతను గూర్చియో, పరీక్షా ఫలితములను గూర్చియో యుండుట ఆచారము. తల్లిదండ్రులు దానిని మర్యాదకొరకు ఒకమారు చూచి పుట త్రిప్పుదురని నేనెరుగుదును. ఈ యేడు విషయము వేరు. మన పిల్లలు చెవులలో తీగలు పెట్టుకొని వినుచున్న ఒకానొక పాశ్చాత్య సంగీతము ఎట్టిది, ఎట్లు పుట్టినది, అందేమి యున్నది అను సంగతులను నాకు తెలిసినంతవరకు వివరింపదలచితిని. దీనికి కారణము పదవ తరగతి విద్యార్థి యొకడు.

ఆ బాలుడు చదువులో మధ్యముడు, నడవడిలో మంచివాడు. గడచిన వర్షకాలమున వాని తండ్రి, మన షోలాపురములోని మరమగ్గముల కార్ఖానాలో పనిచేయు పెద్దమనిషి, కొడుకు సెల్‌ఫోనును ఇయర్‌ఫోన్లను చేతిరుమాలులో మూటగట్టి తెచ్చి నా బల్లమీద పెట్టెను. "రాత్రి పన్నెండు గొట్టినా వింటనే ఉంటడు సార్. ఏందో జంగల్ పాటలంట. మీరే జర చూడున్రి" అని చెప్పి పనివేళ మించిపోవుచున్నదని వెళ్ళిపోయెను.

జంగల్ కాదు, జాంగిల్ అని సాయంకాలము బాలుడు సవరించెను. బడి విడిచిన పిమ్మట వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వారము దినములు ఆ పాటలు వింటిని. వినకమునుపే తీర్పు చెప్పుటకు సిద్ధముగా నుంటినని ఒప్పుకొనవలెను. మొదటి మూడు దినములు నాకేమియు తెలియలేదు. నాల్గవ దినమున ఒక పాట ముగిసిన తరువాత, "మరల పెట్టు" మంటిని. నేటికిని వినుచున్నాను.

జాంగిల్ అనగా ఆంగ్లమున తాళపుచెవుల గుత్తి కదలినపుడు వచ్చు చప్పుడు. మన భాషలో గలగల యనుట సరిపోవును. ఎద్దుల మెడపట్టెడలోని మువ్వలు, గాజుల చేయి, గజ్జెల కాలు, ఇవన్నియు గలగల లాడునవే. గిటారును అట్లు పలికించు పద్ధతికి ఈ పేరు వచ్చినది. ఇందు తీగలనన్నిటిని ఒక్కసారిగా బాదరు. ఒక్కొక్క తీగను వేరువేరుగా మీటుచు, ముందు మీటిన తీగ మ్రోగుచుండగనే తరువాతిదానిని మీటుదురు. స్వరములు ఒకదానిపై నొకటి వ్రాలి, వాన వెలిసిన తరువాత చూరునుండి జారు చినుకులవలె వినవచ్చును.

ఈ ధ్వనికి మూలము పన్నెండు తీగల గిటారు. సాధారణమైన గిటారునకు ఆరు తీగలు. పన్నెండు తీగల దానికి ఆరు జంటలు. పై రెండు జంటలలోను రెండు తీగలును ఒకే స్వరమునకు శ్రుతి చేయబడును. తక్కిన నాలుగింటిలో ఒకటి మంద్రము, దాని తోడుది ఒక స్థాయి పైన. వ్రేలొకటి, నాదములు రెండు. ఇచట చిన్న శాస్త్రవిషయము చెప్పవలెను. రెండు తీగలను ఎంత జాగ్రత్తతో శ్రుతి చేసినను అవి సరిగా ఒక్కటి కానేరవు. ఒకటి క్షణమునకు 440 మారులు, రెండవది 442 మారులు కంపించినచో, ఆ రెండింటి భేదమువలన నాదము క్షణమునకు రెండుసార్లు పెరిగి తగ్గుచుండును. చెవికది తళతళవలె తోచును. శ్రుతి చేయువాడు దోషమని తలచునదే వినువానికి సొగసైనది.

జంటతీగల వాద్యము మనకు క్రొత్త గాదు. మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. పాలకొల్లులో 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్‌గారు కర్ణాటక సంగీతమున గమకములు పలికించుటకు ఆ జంటలు అడ్డుపడుటచే, వానిని వదలి ఐదు ఒంటితీగల విద్యుత్ మాండొలిన్‌ను వాయించిరి. గమకమునకు తీగను ప్రక్కకు లాగవలెను. జంటను లాగినచో రెండు తీగలును సమముగా సాగవు. వారు గమకముకొరకు తళుకును వదలుకొనిరి, ఈ గిటారువారు తళుకుకొరకు గమకమును వదలుకొనిరి. 2014లో, నలుబదియైదేండ్ల ప్రాయముననే, శ్రీనివాస్‌గారు గతించుట మన దురదృష్టము.

ఇక చరిత్ర. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అను ఆంగ్ల గాయకబృందము అమెరికా వచ్చినపుడు, వారిలోని జార్జి హారిసన్‌కు న్యూయార్కులో రికెన్‌బాకర్ కంపెనీవారు విద్యుత్తుతో పలుకు పన్నెండు తీగల గిటారునొకదాని నిచ్చిరి. ఆ యేడే విడుదలయిన వారి చలనచిత్రములో దానిని చూచి, రోజర్ మెక్‌గ్విన్ అను అమెరికా యువకుడు అట్టిదే కొనెను. అతని బృందము పేరు బర్డ్స్. బాబ్ డిలన్ రచించిన టాంబురీన్ మనిషి పాటను వారు 1965లో ఈ గిటారుతో పాడగా అది అమెరికాలో ప్రథమ స్థానము నందుకొనెను. గిటారు నాదము మీటినవెంటనే బిగ్గరగా నుండి త్వరగా క్షీణించును. రికార్డింగు శాలలో కంప్రెసర్ అను యంత్రము బిగ్గరదానిని అణచి, సన్నగిల్లుచున్నదానిని పైకి తెచ్చుటచే మెక్‌గ్విన్ గిటారు ఎడతెగక మ్రోగినట్లు వినిపించును. ఆ తరువాత 1980 ప్రాంతమున అమెరికాలో ఆర్.ఈ.ఎమ్. బృందమువారు, ఇంగ్లండున మాంచెస్టరులో స్మిత్స్ బృందమునకు చెందిన జానీ మార్, దూరాన న్యూజిలాండులోని డునీడిన్ పట్టణపు యువకులు ఈ గలగలను నిలిపిరి. నేడు మా బాలుడు వినుచున్న న్యూజెర్సీవారి రియల్ ఎస్టేట్ బృందమును ఆ వంశములోనిదే. ఆ పేరు విని నేను స్థలములు అమ్మువారేమో యనుకొంటిని.

రెండవ పాయ సైకెడెలిక్ సంగీతము. ఈ పదమును 1956లో హంఫ్రీ ఆస్మండ్ అను మానసిక వైద్యుడు గ్రీకు ధాతువులతో కల్పించెను. మనస్సును వెల్లడించునది యని దాని యర్థము. ఆయన దానిని ఎల్.ఎస్.డి. వంటి మత్తుపదార్థములను ఉద్దేశించియే కల్పించెను. ఈ సంగతిని తల్లిదండ్రులకు దాచుట న్యాయము గాదు. 1960 దశకపు నడుమ పాటగాండ్రు కొందరు వానిని సేవించిరి, ఆ భ్రాంతినే ధ్వనిలో చూపింప యత్నించిరి. పింక్ ఫ్లాయిడ్ బృందమునకు ఆదిపురుషుడైన సిడ్ బారెట్ 1967లో తొలి ఆల్బమ్ వచ్చిన మరుసటి సంవత్సరమే మనస్సు చెదరి బృందమును వీడవలసి వచ్చినది. ఆ పదార్థమే దానికి కారణమని పలువురు నమ్మెదరు.

కాని ఈ సంగీతమునకు ఇంకొక తల్లియు కలదు. ఆమె మన దేశమునుండి వెళ్ళినది. బర్డ్స్‌వారు 1965 చివర బస్సులో ఊరూర తిరుగుచు పండిత రవిశంకర్ సితారును, జాన్ కోల్ట్రేన్ శాక్సఫోనును టేపుమీద మరల మరల వినిరి. 1966లో వచ్చిన వారి "ఎయిట్ మైల్స్ హై" అందుండి పుట్టినది. ఆ యేడే బీటిల్స్‌వారు "టుమారో నెవర్ నోస్" అను పాటకు మన తంబురా శ్రుతిని ఆధారముగా బెట్టి, పాట దాదాపంతయు ఒకే స్వరసముదాయముపై నిలిపి, టేపు ముక్కలను చుట్టలుగా అతికించి త్రిప్పిరి. గాయకుని కంఠమును గిరగిర తిరుగు స్పీకరు గుండ పంపిరి. రైలు దగ్గరకు వచ్చి దూరమగునపుడు కూత మారునట్లు ఆ కంఠము ఊగుచుండును. రవిశంకర్‌గారు 1967లో కాలిఫోర్నియాలోని మాంటెరీ ఉత్సవమున వాయించి విశేష కీర్తి గాంచిరి. ఐనను తమ సంగీతమును మత్తుతో ముడివేయుటను వారు బహిరంగముగా నిరసించిరి. రాగము వినుటకు చిత్తము మెలకువతో నుండవలెనని వారి పక్షము. బాలునికి ఈ కథ చెప్పితిని. మత్తు లేకుండ మనస్సు వికసించు మార్గమును మనవారే చూపిరనుట వానికి క్రొత్తగా తోచినది.

ఈ రెండు పాయలును కలిసినచోటనే నేటి స్వప్నసంగీతము పారుచున్నది. గుడి మంటపములో చప్పట్లు కొట్టినచో ఆ ధ్వని గోడలకు తగిలి వెంటనే పోక కొంత నిలుచును గదా, అట్టి ప్రతిధ్వనిని వీరు యంత్రముచే సృజింతురు. కంఠమును ముందుకు తేక వాద్యముల నడుమ ముంచుదురు. 1991లో వచ్చిన మై బ్లడీ వాలెంటైన్‌వారి "లవ్‌లెస్"లో గాయని మాటలు దుప్పటి చాటునుండి వచ్చినట్లుండును. ఆస్ట్రేలియా పడమటి కొసనున్న పెర్త్ నగరమువాడు కెవిన్ పార్కర్, టేమ్ ఇంపాలా అను పేరుతో 2010 మొదలు ఆల్బమ్‌లు వెలువరించుచు, వాద్యములను చాలవరకు తానొక్కడే వాయించి ఒకదానిపై నొకటి పేర్చును. అమెరికాలోని హ్యూస్టన్‌వారు క్రువాంగ్‌బిన్ అను ముగ్గురు. ఆ పేరు థాయి భాషలో విమానము. వారిలో గిటారు వాయించునతడును, డ్రమ్ము వాయించునతడును ఒక చర్చి భజనబృందములో కలిసినవారు. వీరి పాటలు పెక్కింట మాటలు మిక్కిలి తక్కువ. తప్పెట, తీగ, మరల అదే తప్పెట, మరల అదే తీగ. ఈ పునరావృత్తి మొదట విసుగు గొల్పును, పిమ్మట ఊయలవలె పట్టుకొనును. మగ్గపు టకటకలలో తొట్టెలోని బిడ్డ నిద్రించుట చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

మాటలు వినబడని పాట యేమి పాట యని నేనడిగితిని. నేను భాషోపాధ్యాయుడను, మాట నాకు ప్రాణము. బాలుడు కొంతసేపు ఊరకుండి, "ఈ పాటల్ల నా ఉచ్చారణ ఎవ్వరు దిద్దరు సార్" అనెను.

ఈ వాక్యము నన్ను చాల దినములు బాధించినది. వాడు ఇంట తెలంగాణపు తెలుగు మాటలాడును. బడిలో దానిని గ్రంథముల తెలుగునకు నేను దిద్దుదును. బజారులో మరాఠీ, అచట తెలుగు యాస యని నవ్వుదురు. పోటీపరీక్షలకు ఆంగ్లము, అచట ఇంకొకరు నవ్వుదురు. నాలుగు భాషలలో తడబడు బిడ్డకు, గాయకుని మాటయే నాదములో కరగిపోవు పాట ఒక విశ్రాంతి స్థలమని నాకు అంతవరకు తట్టలేదు. మన మాతృభాషను నిలుపుట మన సంఘము యొక్క ధర్మము, అందు సందేహము లేదు. కాని ఎఱ్ఱసిరా కలమును నేను కొంత పొదుపుగా వాడుచున్నాను.

తండ్రిని మరల పిలిపించితిని. మత్తుమాట వచ్చునని, పరదేశపు పాటలని కోపించునని తలచి, సమాధానములను సిద్ధము చేసుకొంటిని. ఆయన నా ఉపన్యాసమునంతయు విని, చేయి చెవివద్ద దొప్పవలె పెట్టుకొని, "జర గట్టిగ చెప్పున్రి సార్" అనెను. పిమ్మట, "పాటలు మంచియైనా సరే, చెడ్డయైనా సరే. నా చెవులను మగ్గం తిన్నది. పోరని చెవులన్న మిగలాలె" అనెను. నేను సిద్ధము చేసుకొనిన సమాధానములలో దీనికి సమాధానము లేదు.

కావున ఆ విషయమును తెలిసికొంటిని. మరమగ్గముల షెడ్డులలో ధ్వని 90 డెసిబెళ్లకు మించుట సామాన్యము. లోచెవిలో ధ్వనిని గ్రహించు సూక్ష్మకేశకణములు ఒకమారు నశించినచో మనుష్యునికి మరల మొలవవు. మగ్గము చేసిన పనినే ఇయర్‌ఫోనును చేయగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన ప్రమాణము ప్రకారము పెద్దలు 80 డెసిబెళ్ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. పిల్లలకు అంతకాలమునకు 75 డెసిబెళ్లే మేర. ధ్వని మూడు డెసిబెళ్లు పెరిగినచో కాలమును సగమునకు తగ్గింపవలెను. ఆ లెక్కన 90 డెసిబెళ్లయినచో పెద్దలకు వారమునకు నాలుగు గంటలే. ఈ సంగీతము మెత్తనిదని మోసపోరాదు. మై బ్లడీ వాలెంటైన్‌వారు 2008లో మరల వేదిక లెక్కినపుడు శ్రోతలకు చెవిబిరడాలు పంచిరి. ఇంట చేయవలసినది సులభము. వీథి రొదను మించునట్లు పెంచక, చప్పుడు లేనిచోట తక్కువలో వినుట, గంటకొకమారు చెవులకు విరామ మిచ్చుట, చెవిలో గుయ్యిమను మ్రోత నిలిచినచో ఆ దినమునకు ఆపి, తగ్గనిచో వైద్యునికి చూపుట. ఫోనులలో ధ్వనిపరిమితిని బిగించు ఏర్పాటు కలదు. బాలుడే దానిని నాకు చూపి, మా ముగ్గురి యెదుట తన ఫోనునందు బిగించుకొనెను.

అపుడు తండ్రికిని ఒక పాట వినిపింపవలెనని వానికి కోరిక కలిగినది. ఇయర్‌ఫోన్లు వలదని, పాఠశాలలోని చిన్న స్పీకరును తెప్పించితిని. బర్డ్స్‌వారి 1965 నాటి పాట పెట్టెను. తండ్రి స్పీకరు పెట్టెమీద అరచేయి మోపి, కన్నులు మూసుకొని, తుదివరకు కదలక వినెను.

"ఎన్ని తీగలు?" అని అడిగెను.

"పన్నెండు నాయినా. రెండు రెండు కలిపి ఒకటి" అనెను బాలుడు.

"జంట పోగు" అనెను ఆయన. "అందుకే ఆ మెరుపు. ఇంకోపారి పెట్టురా."