పులకేశి ఉత్తరం, రాయచూరు తుపాకులు, చెరువులో బాప్తిస్మం

పాలమూరుకు క్రైస్తవం ఎప్పుడొచ్చిందని అడిగితే, దొరలొచ్చి మిషన్ కాంపౌండ్లు కట్టిన నూటపాతికేళ్ల ముచ్చటే ఎవరైనా చెబుతారు. అది అబద్ధమేం కాదు. కాని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల కాస్త గిల్లి చూస్తే అంతకంటే ఎంతో పాత తీగలు తగులుతాయి.

గద్వాల సీమలోని అలంపురం నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి. ఆ వంశంలో ఘనుడు రెండో పులకేశి. పర్షియా చక్రవర్తి రెండో ఖుస్రోకు, ఆయన కొడుకులకు ఒక భారతదేశపు రాజు ఉత్తరాలు, కానుకలు పంపాడని తబరీ అనే పాత చరిత్రకారుడు తన చరిత్రలో రాశాడు. ఆ రాజు పులకేశే అని చాలామంది చరిత్రకారుల మాట. షీరోయే అనే కొడుక్కి వచ్చిన ఉత్తరంలో మాత్రం, ఫలానా ఏడు నీకు పట్టాభిషేకం అని జోస్యం ఉందట. తండ్రి చూస్తూ ఊరుకుంటాడా? ఆ ఉత్తరానికి ముద్ర వేసి, దాచమని భార్య షీరీన్ చేతికిచ్చాడు. ఈ షీరీన్ క్రైస్తవురాలు, చర్చిలూ మఠాలూ కట్టించిన రాణి. అప్పటికి యేసును వేసిన సిలువగా యెరూషలేములో కొలిచే మాను కూడా పర్షియాలోనే ఉంది. 614లో ఖుస్రో సేనలు దాన్ని ఎత్తుకుపోయాయి, 630లో గాని అది తిరిగి యెరూషలేము చేరలేదు. జోస్యమూ ఫలించింది: 628లో షీరోయే తండ్రిని కూలదోసి గద్దెనెక్కాడు. ఇదంతా జరిగాక రాసుకున్న జోస్యమేమోనని నా అనుమానం. అయినా చాళుక్యుల ఉత్తరం ఒక క్రైస్తవ రాణి పెట్టెలో ఉందన్న కథను వదులుకోబుద్ధి కాదు.

చర్చికి వెళ్లే ఆదివారానికీ ఒక పాత తీగ ఉంది. ఆ రోజు సెలవును చట్టం చేసింది రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్, 321లో. న్యాయస్థానాలు, పట్నాల్లో పనులు ఆపమన్నాడు గాని, సేద్యగాళ్లను మాత్రం వదిలేశాడు. విత్తే అదను మళ్లీ రాదు కదా అని కారణం కూడా ఆ శాసనంలోనే చెప్పాడు. వానకోసం మొగులు చూసే పాలమూరు రైతుకు ఈ రాజు నచ్చుతాడు.

నాగర్‌కర్నూల్ పక్కనున్న నంది వడ్డెమానే ఒకప్పటి వర్ధమానపురం. దాన్ని ఏలిన గోనవారు కాకతీయ సామంతులు. 13వ శతాబ్దం చివర మార్కోపోలో మోటుపల్లి రాజ్యాన్ని, దాని ఏలికగా ఆ కాకతీయుల రాణి రుద్రమదేవిని వర్ణించాడు. మైలాపూరులో యేసు శిష్యుడు తోమా సమాధిని గురించీ అదే పుస్తకంలో చెప్పాడు. అక్కడి ఎర్రమట్టిని యాత్రికులు తీసుకుపోయి, నీళ్లలో కలిపి జ్వరం వచ్చినవాళ్లకు తాగించేవారట. ఆ సమాధికి క్రైస్తవులతో పాటు ముస్లిములూ మొక్కేవారని కూడా రాశాడు.

ఇక నడిగడ్డ సంగతి. కృష్ణా తుంగభద్రల నడుమ నేలకు గద్వాల తూర్పు కొస అయితే, రాయచూరు నడిబొడ్డు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు, గుర్రాలు అమ్ముకోవడానికొచ్చిన క్రిస్టోవావ్ దె ఫిగెరెదో అనే పోర్చుగీసువాడు ఇరవైమంది తుపాకీవాళ్లతో రాయల పక్షాన దిగాడు. బురుజుల మీదినుంచి తొంగిచూసిన వాళ్లను వీళ్లు కాలుస్తుంటే, కింద రాయల మనుషులు గోడ రాళ్లు పీకారు. ఏం జరుగుతోందో చూద్దామని వంగిన కోట నాయకుడికి గుండు సరిగ్గా నుదుటి నడుమ తగిలిందని నూనిజ్ అనే మరో పోర్చుగీసువాడు రాశాడు. దాంతో కోట లొంగిపోయింది. అప్పుడొచ్చినవాళ్లు కాల్చి వెళ్లిపోయారు. కాని అదే నడిగడ్డలో, బిజాపూరు సుల్తానుల ఏలుబడిలోని ముద్గల్‌లో, 1557కు ముందే చర్చి కట్టారని బ్రిటిష్ కాలపు గెజిటీరు చెబుతుంది. అంటే తళ్లికోట యుద్ధం కంటే ముందే.

పండుగ లెక్కలోనూ ఒక పాత తీగ ఉంది. ఈస్టరు తేదీ ఏటా ఎందుకు మారుతుందో మన పంచాంగం చూసేవాళ్లకు చిటికెలో అర్థమవుతుంది: దానికి వారమూ కావాలి, పున్నమీ కావాలి. ఏ ప్రాంతం వాళ్లు ఆ రోజున చేసుకుంటుంటే, అందరూ ఒకే ఆదివారం చేయాలని 325లో నైసియా సభ తేల్చింది. వసంత విషువత్తు తర్వాత వచ్చే పున్నమి దాటిన ఆదివారమన్నమాట. అందుకే 2023లో హనుమజ్జయంతి గురువారం వస్తే, ఈస్టరు ఆ ఆదివారమే వచ్చింది.

అన్నిటికంటే పొడుగాటి తీగ బాప్తిస్మానిది. అపొస్తలుల బోధ పేరిట వచ్చిన 'డిడఖే' అనే చిన్న పుస్తకం దాదాపు తొలి శతాబ్దపు చివరి నాటిది. పారే నీళ్లలో ఇవ్వండి, అవి లేకుంటే వేరే నీళ్లలో, చన్నీళ్లు కాకుంటే వేన్నీళ్లలో, ఏవీ సరిపడా లేకుంటే తలమీద మూడుసార్లు పోయండి అని చెబుతుంది. కరువు సీమలను ఎరిగినవాళ్లే రాసినట్టుంది. తర్వాతి కాలంలో యూరపులో పసిబిడ్డలకిచ్చే బాప్తిస్మమే ఊరంతటి రివాజైంది. 1525 జనవరిలో జూరిక్‌లో కొందరు, నమ్మి అడిగిన పెద్దవాళ్లకే ఇవ్వాలని మొండికేసి, తమలో తాము మళ్లీ తీసుకున్నారు. వాళ్లలో ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరి 5న చేతులు కట్టి లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. నీళ్ల కోసం పట్టుబట్టావుగా, తీసుకో అన్నట్టు. ఆ బాటలోనే నెదర్లాండ్స్‌లో మెన్నో సైమన్స్ అనే పాదిరీ 1536లో కొలువు వదిలి నడిచాడు. ఆయన పేరు పెట్టుకున్నవాళ్లు తరిమిన చోటల్లా వదిలి విస్తులా ఒడ్డుకు, ఉక్రెయిన్ గడ్డి మైదానాలకు చేరారు. అక్కడ 1860లో మెన్నోనైట్ బ్రదరెన్ శాఖ వేరుపడి, ముంచి ఇచ్చే బాప్తిస్మమే పట్టుకుంది. అక్కణ్నించి అమెరికా, అమెరికా నుంచి 1899లో నైజాం. మన ఊళ్లలో ఎం.బి. చర్చి అంటే వీళ్లదే. నాగర్‌కర్నూల్, వనపర్తి కేంద్రాలు వాళ్లే తెరిచారు. గద్వాలను మాత్రం 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుంచి తీసుకున్నారు. ముంచడంలో ఇద్దరి పట్టూ ఒకటే గనక, మిషన్ మారింది గాని చెరువులో దిగే పద్ధతి మారలేదు.